జీబ్రా ఫించ్‌లు: ఏ రంగు మగకి ఏ రంగు ఆడని కలపాలి?

గుంటూరు_గూడు

నమస్తే అండీ. దసరా వెళ్ళాక జీబ్రా ఫించ్‌లకు గూటి కుండలు కడదామనుకుంటున్నాను. ఏ మగకి ఏ ఆడో ఇప్పుడే తేల్చుకుంటే ఈలోగా వేరు చేసి పెట్టుకోవచ్చని అడుగుతున్నాను. ఉన్నవి ఇవి:

గ్రే జత ఒకటి. మొదటి నుంచీ విడి పంజరంలోనే ఉంది కాబట్టి తల్లిదండ్రుల గురించి అనుమానం లేదు. రెండూ ముదురు గ్రే. అయినా పిల్లల్లో రెండు ఫాన్ (లేత గోధుమ రంగు) వచ్చాయి. ఎలా వచ్చాయి?

ఫాన్ మగ ఒకటి, సిల్వర్ ఆడ ఒకటి. రెండూ వేర్వేరు చోట్ల తెచ్చినవి.

వైట్ అని అమ్మిన ఆడవి రెండు. ఒకటి పాలలా తెల్లన. రెండోదానికి కంటి కింద సన్నటి గీత, తోక దగ్గర లీలగా చారలు.

జుట్టు ఫించ్‌లు ఒక జత. మగకీ ఆడకీ రెండిటికీ తల మీద జుట్టు (ఈకల కుచ్చు) ఉంది. ఈతకి నాలుగైదు గుడ్లు పెడతాయి కానీ ఒకటో రెండో పిల్ల గుడ్డులోనే పోతోంది.

నాకు కావలసింది క్రీమ్ రంగు, ఫాన్ ఆడవి. రెండు రంగులు కలిపితే మధ్య రంగు వస్తుందని కొందరు, తండ్రి రంగే దిగుతుందని కొందరు చెబుతున్నారు. క్రీమ్ మగ దొరికేదాకా ఆగాలా, ఉన్నవాటితోనే పని అవుతుందా?

రెక్కల_పద్దు

గుంటూరు గారూ, క్రీమ్ కోసం బయట కొననక్కర్లేదు. మీ దగ్గర ఉన్న రెండు పిట్టలతోనే వస్తుంది. దానికి ముందు ఫాన్ పిల్లల సంగతి చూద్దాం, మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంది.

పక్షుల్లో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. ఫాన్ జన్యువు జెడ్ మీద ఉంటుంది. మగదానికి రెండు జెడ్‌ల మీదా ఉంటేనే ఫాన్ రంగు బయటపడుతుంది. ఒక్కదాని మీదే ఉంటే చూపుకి పూర్తి గ్రే, లోపల ఫాన్ దాగి ఉంటుంది. దాన్నే స్ప్లిట్ అంటాం, "గ్రే/ఫాన్" అని రాస్తాం. గీతకి ముందున్నది కనిపించే రంగు, తర్వాతది దాగినది. ఆడదానికి ఉన్నది ఒక్క జెడ్డే కాబట్టి దాగడానికి చోటు లేదు. ఉంటే ఫాన్, లేకపోతే గ్రే. ఫాన్ స్ప్లిట్ ఆడ అని ఎవరైనా అమ్మితే అలాంటి పిట్ట అసలు ఉండదు.

ఆడపిల్లకి వచ్చే ఒక్క జెడ్డూ తండ్రిదే. అందుకని మీ గ్రే మగ గ్రే/ఫాన్ అయి ఉండాలి, మీకు వచ్చిన రెండు ఫాన్ పిల్లలూ ఆడవే అయి ఉండాలి. ముక్కు ఎర్రబారే దాకా ఆగకుండానే ఈ మాట చెప్పేయొచ్చు. అదే జతకి పుట్టిన గ్రే ఆడపిల్లల్లో ఫాన్ ఏమీ లేదు. మగపిల్లల్లో సగం స్ప్లిట్, సగం శుద్ధ గ్రే, కానీ చూసి విడదీయడం ఎవరివల్లా కాదు.

ఇప్పుడు మీ ఫాన్ మగ. దాన్ని ఏ గ్రే ఆడకి కలిపినా ఆడపిల్లలన్నీ ఫాన్, మగపిల్లలన్నీ గ్రే/ఫాన్. గుడ్డు పగిలి బయటికొచ్చిన రోజునే చర్మం చూస్తే గ్రే పిల్ల నల్లగా, ఫాన్ పిల్ల లేతగా ఉంటుంది. అంటే పుట్టినరోజే మగా ఆడా తెలిసిపోతుంది. జతని తిరగేసి శుద్ధ గ్రే మగకి ఫాన్ ఆడని కలిపితే మాత్రం పిల్లలన్నీ గ్రేనే, అందులో మగవన్నీ స్ప్లిట్. అవే రెండు రంగులు, ఏది మగదన్న దాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది. తండ్రి రంగే దిగుతుందన్న మాట పుట్టింది బహుశా ఇక్కడి నుంచే, అదీ జెడ్ మీద ఉన్న రంగులకే, అందులోనూ సగమే నిజం.

ఇక క్రీమ్. క్రీమ్ అనేది విడిగా ఒక జన్యువు కాదు, ఫాన్ పిట్టకి సిల్వర్ కలిస్తే క్రీమ్. మన దగ్గర దొరికే సిల్వర్లు ఎక్కువగా డామినెంట్ సిల్వర్. ఒక్క కాపీ ఉన్నా బయటికి కనిపిస్తుంది, దానికి జెడ్‌తో సంబంధం లేదు. మీ ఫాన్ మగకి సిల్వర్ ఆడని కలపండి. ఆడపిల్లల్లో సగం ఫాన్, సగం క్రీమ్. మగపిల్లల్లో సగం గ్రే, సగం సిల్వర్, అన్నీ ఫాన్ స్ప్లిట్. వచ్చే ఏడాదికి క్రీమ్ మగ కావాలంటే ఇందులోని సిల్వర్/ఫాన్ మగని వేరే వంశపు ఫాన్ ఆడకి కలపాలి. మీ గ్రే జతకి వచ్చిన ఫాన్ ఆడపిల్లలు సరిగ్గా ఆ పనికొస్తాయి, వాటిని అమ్మకండి.

డామినెంట్ సిల్వర్లో స్ప్లిట్ ఉండదు. సిల్వర్ తల్లికి పుట్టిన గ్రే పిల్ల పూర్తి గ్రే, దాన్ని సిల్వర్ స్ప్లిట్ అని ఎక్కువ ధర పెట్టి కొనకండి. రిసెసివ్ (రెండు కాపీలు ఉంటేనే కనిపించే) సిల్వర్ అని వేరే ఉంది, దానికి స్ప్లిట్లు ఉంటాయి కానీ అరుదు. మీదేదో ఈ సీజన్లోనే తెలిసిపోతుంది. సిల్వర్ లేని మగకి కలిపినప్పుడు పిల్లల్లో సిల్వరో క్రీమో కనిపిస్తే డామినెంట్.

ఇంకో పరీక్ష కూడా చేయండి. ఛాతీ పట్టీ మసకబారి బూడిద రంగులో ఉంటే సిల్వర్. వీపు మాత్రమే లేతగా ఉండి ఛాతీ పట్టీ, కంటి కింది గీత కారునలుపులో ఉంటే అది లైట్‌బ్యాక్, దాని లెక్క వేరు. ఆడదానికి ఛాతీ పట్టీ ఉండదు కాబట్టి కంటి గీతే చూడాలి.

మాధవి_విశాఖ

జుట్టు జతని ముందు విడదీయండి. మిగతా ఏ పనైనా ఆ తర్వాత.

జుట్టు జన్యువు డామినెంట్, ఒక్క కాపీ చాలు. రెండు కాపీలు పడిన పిల్ల మాత్రం బతకదు, గుడ్డులోనే పోతుంది. రెండిటికీ జుట్టు ఉంటే నాలుగు గుడ్లకి లెక్క ఇలా వస్తుంది: ఒకటి పోతుంది, రెండు జుట్టువి, ఒకటి మామూలుది. అదే జుట్టు పిట్టని జుట్టు లేనిదానికి కలిపితే రెండు జుట్టువి, రెండు మామూలువి, పోయేది ఏదీ లేదు. రెండు పద్ధతుల్లోనూ నాలుగు గుడ్లకి వచ్చే జుట్టు పిల్లలు రెండే! జుట్టు జతని కలిపితే జుట్టు పిల్లలు పెరుగుతాయని చాలామంది అనుకుంటారు, పెరిగేది చచ్చే పిల్లలే.

జెడ్‌తో పని లేదు కాబట్టి మగది జుట్టుదైనా, ఆడది జుట్టుదైనా ఒకటే. జుట్టు వంశంలో పుట్టిన మామూలు పిల్లలు దొరికితే వాటినే వాడండి, జుట్టు గుండ్రంగా, నిండుగా రావడానికి అవి మేలు. జుట్టు వెనక బట్టతల మచ్చ ఉన్న పిట్టలకి జత కట్టకండి, ఆ లోపం పిల్లలకీ వస్తుంది.

అయితే గుడ్డులో పోయిన ప్రతి పిల్లా జుట్టు వల్లే పోయిందనుకోవద్దు. తల్లి రాత్రి బెదిరి గూడు దిగి గుడ్లు చల్లారినా, గాలి మరీ పొడిగా ఉన్నా పోతాయి. జతలు మార్చాక కూడా అదే వరసగా పోతుంటే అప్పుడు పంజరం చోటు, కాల్షియం చూసుకోవాలి.

మీ రెండో వైట్ గురించి. కంటి కింద గీత, తోకలో చారలు అంటున్నారు కదా, అది వైట్ కాదు, సి.ఎఫ్.డబ్ల్యూ (చెస్ట్‌నట్ ఫ్లాంక్డ్ వైట్, అంటే గోధుమరంగు పక్కల తెలుపు). దీని మగకి నారింజ బుగ్గలు, గోధుమరంగు పక్కలు చక్కగా కనిపిస్తాయి కాబట్టి ఎవరూ పొరబడరు. ఆడది మాత్రం దాదాపు తెల్లగా ఉండి వైట్ పేరుతో అమ్ముడుపోతూ ఉంటుంది. పుట్టినప్పుడు దీని కళ్ళు ఎర్రగా ఉంటాయి, తర్వాత నల్లబడతాయి. వైట్ పిల్లకి చిన్నప్పుడు వీపు మీద బూడిద చుక్కలు ఉండొచ్చు, ఈకలు రాలి కొత్తవి వచ్చాక పోతాయి, వాటిని చూసి కంగారుపడకండి.

వైట్ ఏమో జెడ్ మీద లేని రిసెసివ్. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే తెలుపు. సి.ఎఫ్.డబ్ల్యూ ఫాన్ లాగే జెడ్ మీద ఉంటుంది. కాబట్టి ఈ రెండు ఆడవీ చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉన్నా, వీటికి జతలు చూసే పద్ధతి వేర్వేరు.

గుంటూరు_గూడు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. ఇంకో సందేహం. సి.ఎఫ్.డబ్ల్యూ ఆడని ఫాన్ మగకి కలపొచ్చా? లేకపోతే ఆ గ్రే మగకా? పాల తెలుపు ఆడకి ఏం చేయాలి?

పచ్చపంజరం

ఫాన్ మగకి వద్దు. గ్రే/ఫాన్ అని తేలిన ఆ గ్రే మగకీ వద్దు.

ఎందుకంటే, ఫాన్ మగకి సి.ఎఫ్.డబ్ల్యూ ఆడని కలిపితే ఆడపిల్లలన్నీ ఫాన్ వస్తాయి, అవి బాగానే ఉంటాయి. మగపిల్లలన్నీ మాత్రం చూపుకి నికార్సైన గ్రే! ఒక జెడ్ మీద ఫాన్, రెండో జెడ్ మీద సి.ఎఫ్.డబ్ల్యూ మోస్తూ తిరుగుతాయి. వాటి ఆడపిల్లల్లో ఫాన్, సి.ఎఫ్.డబ్ల్యూ రెండూ వస్తాయి. అప్పుడప్పుడు ఆ రెండు జెడ్‌లు ముక్కలు మార్చుకుని, రెండు జన్యువులూ ఒకే జెడ్ మీదికి చేరతాయి కూడా. అలా పుట్టిన ఫాన్ సి.ఎఫ్.డబ్ల్యూకి తెలుపు మీగడ రంగులోకి దిగిపోతుంది, గుర్తులు వెలిసిపోతాయి. సి.ఎఫ్.డబ్ల్యూకి అందమే తెల్లటి వీపు మీద తేటగా నిలబడే గుర్తులు. ఒకసారి ఫాన్ దూరితే మూడు తరాల దాకా ఎక్కడో ఒకచోట తేలుతూనే ఉంటుంది.

దానికి శుద్ధ గ్రే మగ కావాలి. పిల్లలన్నీ గ్రేనే వస్తాయి, మొదటి ఏడాది చేతికి ఏమీ రానట్టు అనిపిస్తుంది. మగపిల్లలన్నీ గ్రే/సి.ఎఫ్.డబ్ల్యూ. వాటిలో పెద్దదాన్ని, తల బాగా ఉన్నదాన్ని ఏరి, బంధుత్వం లేని మరో సి.ఎఫ్.డబ్ల్యూ ఆడకి కలపండి. అప్పుడు మగపిల్లల్లోనూ సగం, ఆడపిల్లల్లోనూ సగం సి.ఎఫ్.డబ్ల్యూ వస్తాయి.

శుద్ధ గ్రే అని నమ్మకంగా ఎలా తెలుస్తుందంటారా? ఫాన్ ఆడకి కలిపి పరీక్ష పెట్టండి. ఆ మగ స్ప్లిట్ అయితే పిల్లల్లో సగం, మగా ఆడా తేడా లేకుండా, ఫాన్ రావాలి. స్ప్లిట్ మగకి ఏడు పిల్లలు వరసగా గ్రేనే వచ్చే అవకాశం 128లో ఒకటి. అదే పరీక్ష గ్రే ఆడతో పెడితే ఫాన్ వచ్చేది నాలుగింట ఒకటే, కాబట్టి ఏడు గ్రే పిల్లలు చూసినా స్ప్లిట్ మగ దొరక్కుండా తప్పించుకునే అవకాశం ఇంకా 13 శాతం పైనే. పరీక్షకి ఎప్పుడూ ఫాన్ ఆడనే వాడాలి. ఫాన్ వరకే ఈ పరీక్ష, మిగతా రంగుల మాట ఇది చెప్పదు.

పాల తెలుపు ఆడ. వైట్ అనేది రంగుల మీద కప్పిన దుప్పటి, కింద గ్రే ఉందో ఫాన్ ఉందో సి.ఎఫ్.డబ్ల్యూ ఉందో బయటికి తెలియదు. ఫాన్ మగకి కలిపి చూస్తే మగపిల్లలు చెప్పేస్తాయి. అవి ఫాన్ అయితే తల్లి కింద ఫాన్ దాగింది, గ్రే అయితే దాగలేదు. కానీ ఆ ఈతలో పుట్టిన ప్రతి పిల్లా వైట్ స్ప్లిట్ అవుతుంది, మీ ఫాన్ వరసలోకి తెలుపు ఎక్కుతుంది. ఉన్న ఒక్క ఫాన్ మగనీ ఇందుకు ఖర్చుపెట్టడం నాకు ఇష్టం లేదు. ఒక వైట్ మగ తెచ్చి తెలుపు వరసని విడిగా నడపండి. తరతరాలుగా వైట్‌కి వైట్‌నే కలుపుతూ పోతే ఒంటి సైజు పోతుంది. మధ్యమధ్యలో మంచి గ్రేకి కలిపి, ఆ గ్రే/వైట్ పిల్లని మళ్ళీ వైట్‌కి కలిపితే సగం వైట్ పిల్లలు వస్తాయి, ఒడ్డూ పొడుగూ నిలబడుతుంది.

రెక్కల_పద్దు గారితో ఒక్కచోట ఏకీభవించను. క్రీమ్ మొదటి ఏడాదే కావాలన్న తొందరలో చిన్న ఫాన్‌కి చిన్న సిల్వర్ని కలిపితే రంగు వస్తుంది, పిట్ట రాదు. రెండిట్లో ఒకటైనా ఛాతీ వెడల్పుగా, మెడ నిండుగా లేకపోతే ఈ ఏడాది సిల్వర్ ఆడని మంచి గ్రేకి ఇచ్చి, దాని సిల్వర్ ఆడపిల్లని వచ్చే ఏడాది ఫాన్ మగకి ఇవ్వండి. ఒక ఏడాది ఆలస్యం, అంతే.

రెక్కల_పద్దు

నిజమే, సైజు సంగతి నేను రాయలేదు. రెండూ సన్నగా ఉంటే పచ్చపంజరం గారి దారే సరైనది. గుంటూరు గారు పక్క నుంచి ఫొటోలు పెడితే చూసి చెప్పొచ్చు.

మాధవి_విశాఖ

లెక్కలన్నీ తండ్రి ఎవరో ఖాయంగా తెలిస్తేనే పనికొస్తాయి. మీ పిట్టలు చాలావరకు ఇప్పుడు ఒకే పంజరంలో ఉన్నాయి కాబట్టి ఇది ముఖ్యం.

జీబ్రా ఫించ్ ఆడది మగ వీర్యాన్ని లోపల దాచుకోగలదు. మగని తీసేసిన పదిరోజులు, ఒక్కోసారి 13 రోజుల వరకు కూడా సారం ఉన్న గుడ్లు పెట్టగలదు. ఇవాళ పెద్ద పంజరంలోంచి తీసి రేపు ఫాన్ మగకి జత చేస్తే మొదటి ఈత పిల్లలకి తండ్రి ఎవరో చెప్పలేం. ఇప్పుడే ఆడవాటిని విడి పంజరంలోకి మార్చండి, మగ మొహం చూడకుండా మూడు వారాలు ఉంచండి, తర్వాతే జత. కలిపి ఉంచినప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకదాని గూట్లో ఇంకోటి గుడ్డు పెట్టి పోతుంది, అప్పుడు తల్లి కూడా ఎవరో తెలియదు. రంగు కోసం పెంచేవాళ్ళకి పంజరానికి ఒక జతే. రెండడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు, అడుగున్నర లోతు చాలు.

వయసు కూడా చూసుకోండి. మూడు నెలలకే గుడ్లు పెట్టేస్తాయి కానీ పెట్టనివ్వకూడదు. ఆడదానికి తొమ్మిది నెలలు నిండాలి. లేత ఆడవాటికి, కాల్షియం చాలనివాటికి గుడ్డు అడ్డుపడి ప్రాణం మీదికి వస్తుంది. సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక), గుల్ల ఇసుక ఎప్పుడూ అందేలా ఉండాలి. జతకట్టే రెండు వారాల ముందు నుంచి నానబెట్టి మొలకెత్తించిన కొర్రలు, ఉడికించి చిదిమిన గుడ్డు కొంచెం కొంచెంగా పెట్టండి, సాయంత్రానికి మిగిలింది తీసేయండి. ఏడాదికి మూడు ఈతలకి మించొద్దు. మీ ఊరి ఎండలకి మార్చి సగానికల్లా కుండలు దించేయాలి, రేకుల షెడ్డు అయితే ఇంకా ముందే.

జత కలిపినంత మాత్రాన కలిసిపోతాయని లేదు. ఈ పిట్టలకి చిన్నప్పుడు పెంచిన తల్లిదండ్రుల రంగు మనసులో పడిపోతుంది. తెల్ల తల్లిదండ్రుల దగ్గర పెరిగిన మగ పెద్దయ్యాక తెల్ల ఆడ వైపే మొగ్గుతుంది. బెంగాలీస్ ఫించ్‌ల కింద గుడ్లు పొదిగించి పెంచితే మరీ చిక్కు. ఆ మగలు తమ జాతి ఆడని వదిలేసి బెంగాలీస్‌ల ముందు పాడుతుంటాయి. కాబట్టి ఇంకో రంగు పిట్ట కనిపించే దూరంలో, పాట వినిపించే దూరంలో పంజరం పెట్టకండి. మధ్యలో అట్ట పెట్టండి, రెండు వారాలు ఓపిక పట్టండి. పక్కపక్కన కూర్చుని ఒకదాని మెడ ఈకలు ఇంకోటి దువ్వుతుంటే జత కుదిరినట్టు. అప్పుడు కుండ, కొబ్బరి పీచు ఇవ్వండి. తరుముకుంటూ ఈకలు పీకుతుంటే జత మార్చేయడమే, లెక్క ఎంత బాగున్నా సరే.

పచ్చపంజరం

ఒక్క మాట కలుపుతాను. కొత్త రంగు కోసం వెతుకుతుంటే జీనువాయిలు (మునియాలు), రంగు పూసిన పిట్టలు కూడా అంటగడతారు. మన జీనువాయిలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షిత పక్షులు, వాటిని కొనడం, పెంచడం నేరం. ముట్టుకోవద్దు.

గుంటూరు_గూడు

ఇప్పుడు ఇలా అనుకుంటున్నాను, తప్పుంటే చెప్పండి. ఫాన్ మగ + సిల్వర్ ఆడ (ఫొటోలు పెడతాను, సైజు చూసి చెప్పండి). గ్రే/ఫాన్ మగ + జుట్టు ఆడ. జుట్టు మగ + ఆ పాత గ్రే ఆడ. సి.ఎఫ్.డబ్ల్యూ ఆడ శుద్ధ గ్రే మగ దొరికేదాకా ఆగుతుంది. వైట్ ఆడ కూడా ఆగుతుంది. ఫాన్ ఆడపిల్లలు ఇంకా ఆరు నెలలవే, వాటికి వచ్చే ఏడాదే. పిల్లలకి రింగులు ఎప్పుడు వేయాలి?

రెక్కల_పద్దు

జతలు బాగున్నాయి. గ్రే/ఫాన్ మగకి జుట్టు ఆడని ఇచ్చాక ఫాన్ రంగులో జుట్టు ఆడపిల్లలు కూడా పుట్టొచ్చు. ఆ జుట్టు ఆడది గ్రే అయితే ఎనిమిదింట ఒకటి లెక్కన, ఆశ పెట్టుకోండి కానీ మొదటి ఈతలోనే రావాలనుకోవద్దు. జుట్టు మగలో ఫాన్ దాగి ఉంటే గ్రే ఆడ దగ్గర అదీ బయటపడుతుంది, పిల్లల చర్మం గమనించండి.

రింగులు పిల్లలు గూడు దిగిన రోజుల్లో, అంటే మూడో వారం చివర వేయండి. లేత పిల్లలకి మెరిసే లోహపు రింగు వేస్తే తల్లి దాన్ని చెత్త అనుకుని గూట్లోంచి లాగి పారేయబోతుంది, రింగుతో పాటు పిల్ల కూడా కింద పడుతుంది. రంగు ప్లాస్టిక్ రింగులు చాలు, జతకి ఒక రంగు. ఐదు వారాలకి సొంతంగా తినడం వస్తుంది, తండ్రి తరమడం మొదలుపెడితే వేరు చేయండి. రింగు లేకుండా మాత్రం ఒక్క పిల్లని కూడా పెద్ద పంజరంలోకి వదలకండి, వదిలితే దాని వంశం అక్కడితో పోయినట్టే.

పుస్తకంలో ఒక్కో పిల్లకి ఇవి రాయండి: తల్లీ తండ్రీ, గుడ్డు పగిలి బయటికొచ్చిన తేదీ, పుట్టిన రోజు చర్మం రంగు, కళ్ళ రంగు, రింగు రంగు, మూడు నెలలకి ఈకలన్నీ మారాక అసలు రంగు. పొదగని గుడ్లు, గుడ్డులో పోయినవి కూడా రాయాలి. జుట్టు జత విడదీశాక లెక్క ఎలా మారిందో చెప్పేది ఆ గడే.

గుంటూరు_గూడు

ఆడవాటిని ఇవాళే వేరే గదిలోకి మార్చాను. ఫొటోలు రేపు వెలుగులో తీసి పెడతాను.